ఇల్లు కొనువారికి రిబేటు

రిబేటు అను మాట మన యిండ్లలో క్రొత్తది కాదు. గాంధీ జయంతి దినములలో ఖద్దరు దుకాణమునకు వెళ్లినవారందరు దానిని ఎరుగుదురు. కాని ఇల్లు కొన్నవారికి ఏజంటు తన కమీషనులో కొంత తిరిగి ఇచ్చుట మనలో పెక్కుమందికి వింతగా తోచును. అమెరికా సంయుక్త రాష్ట్రములలో ఈ ఆచారము కలదు. మన తెలుగు కుటుంబముల బిడ్డలు అనేకులు న్యూజెర్సీ, టెక్సాస్ మున్నగు రాష్ట్రములలో స్థిరపడి ఇండ్లు కొనుచున్నారు. "ఏజంటు నాలుగు వేల డాలర్లు మాకు తిరిగి ఇచ్చునట" అని వారు ఫోనులో చెప్పినపుడు ఇక్కడి తల్లిదండ్రులకు సందేహము కలుగుట సహజము. ఆ సొమ్ము లంచమా, బహుమానమా, న్యాయముగా రావలసినదేనా? ఈ విషయమును కొంచెము విచారింతము.

మన దేశమున సాధారణముగా కొనువారు, అమ్మువారు ఎవరి దళారికి వారు ముట్టజెప్పుదురు. ఒకే దళారి ఇరుపక్షముల యొద్ద పుచ్చుకొనుటయు కలదు. అమెరికాలో చిరకాలముగా నడచిన పద్ధతి వేరు. అమ్ముడుపోయిన ధరపై నూటికి ఐదారు వంతుల చొప్పున కమీషనును అమ్మువారి సొమ్మునుండి మినహాయించి, దానిని ఇరుపక్షముల ఏజంటులును పంచుకొనుచుండిరి. అందుచేత ఏజంటు సేవ కొనువారికి ఉచితమని చెప్పుట వాడుకయైనది. ఇది పైకి మాత్రమే నిజము. బేరము ముగియు దినమున సొమ్ము తెచ్చువారు కొనువారే. అమ్మువారు ధర నిర్ణయించునపుడు కమీషనును లెక్కలో వేసికొనకపోరు గదా!

ఒక ఉదాహరణము చూతము. ఇంటి ధర 4,00,000 డాలర్లు. కమీషను నూటికి 5 వంతులు అనుకొందము. మొత్తము 20,000 డాలర్లు. సగము అమ్మువారి పక్షమునకు, సగము కొనువారి పక్షమునకు పోవును. కొనువారి ఏజంటు తనకు వచ్చిన 10,000 లో ఇంటి ధరపై నూటికి ఒక వంతు, అనగా 4,000 డాలర్లు, కొన్నవారికి తిరిగి ఇచ్చి 6,000 తాను ఉంచుకొనును. ఇదియే రిబేటు. ఏజంటు ఇట్లేల ఇచ్చును? ఈ కాలమున కొనువారు ఇంటర్నెట్టులో ఇండ్లను తామే వెదకికొనుచున్నారు. ఏజంటునకు తిరుగుడు తగ్గినది, పోటీ పెరిగినది. కొంత వదలుకొన్నచో మరికొందరు తన యొద్దకు వత్తురని ఆతని లెక్క.

ఇక చట్టము మాట. ఇల్లు కొనువారిని ఒకరి యొద్దకు ఒకరు పంపి చాటుగా సొమ్ము పుచ్చుకొనుటను అమెరికా కేంద్ర చట్టము 1974 లోనే నిషేధించినది. కాని కొనువారికే, వారి లెక్కలోనే, బాహాటముగా తగ్గించి ఇచ్చుట ఆ కోవకు చెందదు. అయినను కొన్ని రాష్ట్రములు లైసెన్సు లేనివారితో కమీషను పంచుకొనరాదను నిబంధనను కొనువారికి సైతము వర్తింపజేసి రిబేటును అడ్డగించినవి. ఇట్టి నిషేధము పోటీని చంపుచున్నదని కేంద్ర న్యాయశాఖ 2005 లో కెంటకీ రాష్ట్రపు రియల్ ఎస్టేట్ కమిషనుపై దావా వేయగా, ఆ కమిషను రాజీపడి నిషేధమును విడిచినది. న్యూజెర్సీ 2010 లో చట్టము సవరించి అనుమతి నొసగినది. నేడు అత్యధిక రాష్ట్రములలో రిబేటు చెల్లును. కొన్నిట మాత్రము చెల్లదు. కావున ఇల్లు ఏ రాష్ట్రమున ఉన్నదో ఆ రాష్ట్రపు నిబంధనను ముందుగా తెలిసికొనవలెను.

ఆదాయపు పన్ను భయమును కొందరికి కలదు. సాధారణముగా ఈ సొమ్మును ఆదాయముగా కాక ధరలో తగ్గింపుగా పరిగణింతురు. పై ఉదాహరణములో ఇల్లు 3,96,000 డాలర్లకు కొన్నట్లే. అయితే అప్పిచ్చు బ్యాంకునకు రిబేటు సంగతి తెలిసియుండవలెను. తుది లెక్కల పత్రమునందు అది కానరావలెను. చాటుగా చేతిలో పెట్టెదనను ఏజంటును నమ్మరాదు.

ఇటీవల ఈ వ్యాపారమున పెద్ద మార్పు వచ్చినది. 2023 అక్టోబరులో మిస్సోరీ రాష్ట్రపు కాన్సాస్ సిటీలో ఒక జ్యూరీ, జాతీయ రియల్టర్ల సంఘమును కొన్ని పెద్ద సంస్థలును కలిసి కమీషనులను కృత్రిమముగా నిలబెట్టినవని తీర్పు చెప్పి, సుమారు 178 కోట్ల డాలర్ల నష్టపరిహారము నిర్ణయించినది. 2024 మార్చిలో ఆ సంఘము 41.8 కోట్ల డాలర్లకు రాజీకి ఒప్పుకొన్నది. 2024 ఆగస్టు 17 నుండి అమ్మువారు కొనువారి ఏజంటునకు ఇంత ఇత్తుమని ఏజంటుల ఉమ్మడి జాబితాలో ప్రకటించు పద్ధతి పోయినది. అమ్మువారు ఇచ్చుట నిషిద్ధము కాదు. అది బేరములో తేలవలెను. అంతేగాక, ఆ జాబితాలను ఉపయోగించు ఏజంటుతో ఇల్లు చూడబోవుటకు ముందే కొనువారు వ్రాతపూర్వకముగా ఒప్పందము చేసికొనవలెను. ఏజంటు ప్రతిఫలము అందులో స్పష్టముగా ఉండవలెను. అంతకు మించి ఆతడు ఎవరి యొద్దను పుచ్చుకొనరాదు.

కనుక అడుగవలసిన సమయము మారినది. ఇల్లు నచ్చి, బేరము కుదిరిన పిదప రిబేటు మాట ఎత్తుట ఆలస్యమే యగును. మొదటి సంతకమునకు ముందే కమీషను తగ్గింతువా, రిబేటు ఇత్తువా, ఎంత, ఎప్పుడు అని అడిగి వ్రాయించుకొనవలెను.

చివరగా ఒక హెచ్చరిక. రిబేటు ఒక్కటే చూచి ఏజంటును ఎన్నుకొనుట వివేకము కాదు. ధర పది వేల డాలర్లు తగ్గినచో నూటికి రెండున్నర వంతులు పొందు ఏజంటు కోల్పోవునది 250 డాలర్లే. కొనువారికి మిగులునది పది వేలు. ఆ పది వేల కొరకు గట్టిగా బేరమాడి, గోడల తేమను, పైకప్పు వయస్సును దాచక చెప్పు ఏజంటు రిబేటు తక్కువ ఇచ్చినను లాభమే. నాలుగు వేలు చేతిలో పెట్టి, పది వేలు ఎక్కువకు కొనిపించువాడు మేలు చేసినవాడు కాడు.

రిబేటు లంచము కాదు, బహుమానమును కాదు. అది ఇల్లు కొనువారు పెట్టిన సొమ్ములోనిదే. అయినను అడుగనిదే అమ్మయైనను పెట్టదని మన సామెత. దూరదేశమున తొలిసారి ఇల్లు కొనుచున్న బిడ్డలకు ఇంటివారు చెప్పదగిన మాట ఇదియే: ముందుగా అడుగుడు, వ్రాతలో తీసికొనుడు, బ్యాంకునకు తెలుపుడు.