మీకు తెలుసా? చదరంగం గింజల్లో ఏడు ప్రధాన సంఖ్యలు!

చదరంగం కనిపెట్టినవాడు రాజుగారిని గింజలు అడిగిన కథ మనం చిన్నప్పటి నుంచీ వింటున్నదే. మొదటి గడిలో ఒకటి, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు... ఇలా రెట్టింపు చేసుకుంటూ పోతే 64 గడులకూ కలిపి 1,84,46,74,40,73,70,95,51,615 గింజలు కావాలి. గాదెలన్నీ ఊడ్చినా చాలవని తెలిసి రాజుగారు తెల్లమొహం వేశారనడంతో కథ కంచికి చేరుతుంది. నన్నడిగితే అసలు సొగసంతా ఆ సంఖ్య లోపల ఉంది.

అది 2⁶⁴ కంటే ఒకటి తక్కువ. హైస్కూల్లో నేర్చుకున్న రెండు వర్గాల భేదం సూత్రం వేస్తే (2³² − 1) × (2³² + 1) అవుతుంది. మొదటి బ్రాకెట్‌ను మళ్లీ అదే సూత్రంతో విడగొట్టండి. అలా చివరిదాకా వెళ్తే తేలేది ఇదీ:

3 × 5 × 17 × 257 × 65,537 × 4,29,49,67,297

ఈ ఆరింటినీ ఫెర్మా సంఖ్యలంటారు. ఈ వరుసలో ఎంత దూరం పోయినా అన్నీ ప్రధాన సంఖ్యలే వస్తాయని 17వ శతాబ్దపు ఫ్రెంచి గణితవేత్త ఫెర్మా గట్టిగా నమ్మాడు. మొదటి ఐదింటి విషయంలో ఆ మాట నిజమే. ఆరోది మాత్రం 641తో నిశ్శేషంగా భాగించబడుతుందని 1732లో ఆయిలర్ బయటపెట్టాడు. అంత పెద్ద సంఖ్యకు కారణాంకం ఎలా దొరికింది? దాన్ని భాగించే ఏ ప్రధాన సంఖ్య అయినా 64 గుణిజం కంటే ఒకటి ఎక్కువ ఉండి తీరాలి. అలాంటివి వరుసగా 193, 257, 449, 577, 641. ఐదోదే గురి తప్పకుండా తగిలింది! భాగఫలం 67,00,417. అదీ ప్రధాన సంఖ్యే. అలా గింజల లెక్కలో మొత్తం ఏడు ప్రధాన కారణాంకాలు తేలాయి.

బోర్డులో మొదటి సగం, అంటే 32 గడుల్లోని గింజలు 4,29,49,67,295. ఇది మొదటి ఐదు ఫెర్మా సంఖ్యల లబ్ధం. ఈ సంఖ్యకు జ్యామితితోనూ చుట్టరికం ఉంది. 17 భుజాల క్రమ బహుభుజిని వృత్తలేఖిని, స్కేలుతోనే గీయవచ్చని 1796లో గౌస్ నిరూపించాడు, అప్పటికి అతనికి 18 ఏళ్లే. ఆ పద్ధతిలో గీయడం సాధ్యమని మనకు తెలిసిన బేసి భుజాల క్రమ బహుభుజుల్లో అన్నింటికంటే పెద్దదానికి ఎన్ని భుజాలో తెలుసా? సరిగ్గా 4,29,49,67,295!

ఇంట్లో లెక్కలంటే ఇష్టమున్న పిల్లలుంటే ఈ ఫెర్మా సంఖ్యలను వరుసగా గుణించి చూడమనండి. 3 × 5 = 15, దాన్ని 17తో గుణిస్తే 255, 257తో గుణిస్తే 65,535. ప్రతిసారీ వచ్చే జవాబు వరుసలో తర్వాతి ఫెర్మా సంఖ్య కంటే సరిగ్గా రెండు తక్కువ. ఎందుకో వాళ్లనే కనిపెట్టనివ్వండి, జవాబు ముందే చెప్పేయకండి.