టెన్నిసు నేర్వ నారంభించువారికి ప్రైవేటు పాఠమా, బృందపాఠమా?

విద్య యేదైనను మొదటి మూడు మాసములు మిక్కిలి సుకుమారమైనవి. ఆ దినములలో బాలునకు కలిగిన ఉత్సాహము గాని విసుగు గాని చిరకాలము నిలిచిపోవును. ఆటలును విద్యలే గనుక ఈ మాట వానికిని చెల్లును.

ఒకప్పుడు చిన్న గ్రామమైన మన నానక్‌రామ్‌గూడలో నేడు అనేకములైన అంతస్తులతో కార్యాలయములును నివాసభవనములును లేచినవి. ఆ నివాసముల ఆవరణములలో కొన్నింట టెన్నిసు కోర్టులు కలవు. ఉదయ సాయంకాలములందు శిక్షకులు అచ్చటికే వచ్చి పాఠములు చెప్పుచుందురు. బిడ్డను చేర్పింపబోవు తలిదండ్రులకు మొట్టమొదట కలుగు సందేహ మొక్కటియే: శిక్షకుని ఒక్క బిడ్డకొరకే కుదుర్చుకొనవలెనా, లేక పదిమందితో కలిపి పంపవలెనా? ఇందు ధనము ముడిపడియున్నది. అంతకంటె ముఖ్యముగా, బిడ్డకు ఆటపై కలుగబోవు ప్రీతి ముడిపడియున్నది. కావున ఈ విషయమును కొంచెము విచారింతము.

బడి విడిచిన పిమ్మట ఒక ఉపాధ్యాయునియొద్ద లెక్కలు చెప్పించుకొనుటను మనవారు 'ప్రైవేటు' అని వాడుకగా చెప్పుదురు. టెన్నిసు ప్రైవేటును అట్టిదే. గురువు కన్ను గంటసేపు ఒక్క శిష్యునిపైననే యుండును. తప్పు పుట్టిన క్షణముననే దిద్దబడును. రాకెట్టు పట్టుట యందే ఈ మేలు స్పష్టముగా కనబడును. క్రొత్తవారు చాలమంది సర్వీసు చేయునపుడు అట్లకాడను పట్టినట్లు రాకెట్టు ముఖమును వలకు ఎదురుగా నిలిపి పట్టుదురు. సుత్తిని పట్టినట్లు పట్టవలెనని దగ్గరనుండి చేయి సరిచేసి చూపినగాని అలవాటు మారదు. మరియు ప్రైవేటు పాఠపు వేళను మార్చుకొనవచ్చును. అమెరికా వేళల ననుసరించి రాత్రులు పనిచేయు ఉద్యోగులు ఈ ప్రాంతమున పలువురు కలరు. అట్టివారికిని, కీళ్లనొప్పులుగల పెద్దలకును, పదిమందిలో నోరు విప్పలేని బిడ్డలకును మొదట ప్రైవేటే తగియుండును.

అయినను ఇందొక లోపము కలదు. గురువు బుట్టలోని బంతులను తీసి అందించునపుడు అవి ఇంచుమించు ఒకే యెత్తున, ఒకే చోటికి వచ్చును. శిష్యుడు నిలిచినచోటనే నిలిచి చక్కగా కొట్టి, తనకు ఆట వచ్చినదని తలంచును. సాటి పిల్లవాడు కొట్టిన బంతి అట్టిది కాదు. ఒకటి తలమీదుగా పోవును, ఒకటి కాళ్లముందు పడును, ఒకటి ప్రక్కకు దూకును. దానిని వెంబడించుటలోనే కాళ్లకు చదువు వచ్చును. టెన్నిసున చేతిపని సగము, కాలిపని సగము. ఎదుటివాడు లేనిదే ఈ ఆట లేదు గదా!

బృందమున మరియొక లాభము కలదు. తనవంటివాడే పదిసార్లు తప్పి పదునొకండవసారి నెగ్గుట చూచిన బిడ్డకు సిగ్గు తొలగి ధైర్యము కలుగును. తోటివారివలన నేర్చుకొనుట మన బడులకు క్రొత్తది కాదు. తెలుగు బడులును కన్నడ బడులును గల బళ్లారి జిల్లాకు కలెక్టరుగా నుండిన క్యాంబెలు దొర 1823వ సంవత్సరమున దేశీయ పాఠశాలలనుగూర్చి వ్రాసిన నివేదికలో, పెద్దపిల్లలు చిన్నపిల్లలకు నేర్పుచు తమ విద్యను గూడ స్థిరపరచుకొను పద్ధతిని మెచ్చుకొనెను. అక్షరములకు పనికివచ్చిన ఆ పద్ధతి ఆటకును పనికివచ్చును.

అట్లని ప్రతి బృందపాఠమును మంచిదని యెంచరాదు. చిన్న లెక్క వేసి చూతము. గంటలో నలువది నిమిషములు ఆటకు దక్కుననుకొందము. శిక్షకుడు ఆరుగురు బిడ్డలను ఒకే వరుసలో నిలిపి నిమిషమునకు పండ్రెండు బంతులు అందించినచో, ఒక్కొక్కరికి దొరకునవి ఎనుబది దెబ్బలు. తక్కిన కాలమంతయు నిలువుకాళ్లపై నిరీక్షణము. ఆ ఆరుగురినే మూడు జంటలుగా చేసి, చిన్న కోర్టులపై ఎదురెదురుగా ఆడించినచో, తప్పులు పోను నిమిషమునకు ఐదు దెబ్బలు మాత్రమే కొట్టినను, ఒక్కొక్కరికి రెండువందలు దక్కును. ప్రైవేటు పాఠమున బంతులు ఏరుకొనుటకును అలసట తీర్చుకొనుటకును సగము కాలము పోయిన యెడల, మిగిలిన ఇరువది నిమిషములలో దొరకునవి రెండువందల నలువది. ఈ సంఖ్యలు ఊహించి వేసినవే; కాని అందలి న్యాయము నిజము. చక్కగా నడపబడిన బృందము ప్రైవేటునకు ఎంతో దూరమున లేదు. చక్కగా నడపబడని బృందము రెంటికిని చాల దూరము. కావున 'ప్రైవేటా, బృందమా' అని యడుగుటకు ముందు 'నా బిడ్డ గంటలో ఎన్ని బంతులు కొట్టును?' అని యడుగవలెను.

తలిదండ్రులు రుసుము చెల్లింపకముందే ఒక దినము కోర్టు ప్రక్కన కూర్చుండి చూడవలెను. మొదట, ఒక శిక్షకునకు ఎందరు బిడ్డలున్నారో లెక్కింపుడు; ఆరుగురికి మించినచో సహాయకుడుండవలెను. రెండవది, బంతులను చూడుడు. పూర్తి కోర్టు పొడవు 23.77 మీటర్లు, వల నడుమ యెత్తు 0.914 మీటరు, అనగా ఆరేండ్ల బిడ్డకు ఇంచుమించు భుజముల యెత్తు. అట్టి బిడ్డకు పెద్దల బంతి ఇచ్చుట ఒకటవ తరగతివానికి పెద్దబాలశిక్ష చివరి పుట ఇచ్చుట వంటిది. అందుచేతనే అంతర్జాతీయ టెన్నిసు సమాఖ్య 2012వ సంవత్సరమునుండి పదేండ్లలోపు బాలుర పోటీలలో సాధారణమైన పసుపుబంతిని మాన్పించి, ఎరుపు, నారింజ, ఆకుపచ్చ గుర్తులుగల మెల్లని బంతులను నియమించెను. ఎరుపుబంతికి పదునొకండు, పండ్రెండు మీటర్ల కోర్టు చాలును. మూడవది, బిడ్డలు నిలిచియుండు కాలమెంత, ఆడు కాలమెంత యని గడియారము చూచుకొనుడు.

ఇక ప్రైవేటు పాఠమునకు నిజమైన తావెక్కడ? సర్వీసు దగ్గర. టెన్నిసున ఎదుటివాని బంతితో పనిలేక ఆటగాడు తానే పుట్టించు దెబ్బ ఇది యొక్కటియే. బంతిని ఎగురవేయుట, రాకెట్టును వీపువెనుకకు దించుట, చేయి చాచి అందిన యెత్తున బంతిని తాకుట అను మూడు పనులు ఒక్క ఊపులో కలియవలెను. ఇందు ఏది తప్పినదో దగ్గరనుండి చూచు కన్నునకుగాని తెలియదు. మూడు మాసముల బృందశిక్షణ పిమ్మట ఇట్టి ప్రైవేటు పాఠములు రెండు మూడు చెప్పించి, మరల బృందమునకే పంపుట మేలు. చెప్పించుకొన్నదానిని బిడ్డ ఒంటరిగా సాధన చేయవచ్చును గనుక ఆ ధనము వృథాపోదు.

మన హైదరాబాదున పెరిగిన సానియా మీర్జాగారు ఆరవయేటనే రాకెట్టు పట్టిరి. వారి తండ్రి ఇమ్రాన్ మీర్జాగారే వారికి శిక్షకులైరి. అంతకంటె దగ్గరి గురుత్వ మెవరికి దొరకును? అయినను వారు గెలిచిన ఆరు గ్రాండ్‌స్లామ్ బిరుదములును తోడు ఆటగాని ప్రక్కన నిలిచి గెలిచినవే: మూడు మహిళల డబుల్సునందు, మూడు మిశ్రమ డబుల్సునందు. 2015వ సంవత్సరము ఏప్రిల్ 13వ తేదీని డబుల్సున ప్రపంచమున మొదటి స్థానమును పొందిరి. గురువు కన్నును తోటివారి సాంగత్యమును ఒకదానికొకటి శత్రువులు కావని దీనివలన తెలియుచున్నది.

ధనము చాలని కుటుంబములకు నడిమిమార్గ మొకటి కలదు. ఈడును నేర్పును సమానముగాగల నలుగురు బిడ్డల తలిదండ్రులు కలిసి ఒక శిక్షకుని గంటను కుదుర్చుకొన్నచో ఒక్కొక్కరికి నాలుగవవంతు వ్యయమే యగును. దిద్దుబాటును దొరకును, జోడును దొరకును. అదియు సాధ్యము కానివారికి గోడ యున్నది. గోడపై వలయెత్తున సుద్దగీత గీచి దినమునకు ఇరువది నిమిషములు ఆడుడు. గోడ రుసుము అడుగదు, అలసిపోదు, ఎప్పుడును బంతిని తిరిగి ఇచ్చును.

విద్యార్థులారా! మీ స్నేహితుడు ప్రైవేటు చెప్పించుకొనుచున్నాడని మీరు చిన్నబుచ్చుకొనవలదు. మీకు దొరకిన పాఠమున నిలిచి చూచుట తగ్గించి, కొట్టుట హెచ్చింపుడు. మీ వంతు వచ్చువరకు ప్రక్కవాని పాదములను చూడుడు. ఇంటికి పోవుటకు ముందు చెల్లాచెదరుగా పడిన బంతులను అందరును కలిసి ఏరుడు. త్వరగా ఏరినకొలది మరియొక ఆటకు కాలము మిగులును.