కనిపెట్టింది ఒకరు, కంపెనీ కట్టింది ఇంకొకరు: మార్జరిన్ వ్యాపారి సైమన్ వాన్ డెన్ బర్గ్ కథ

డాల్డా డబ్బా గుర్తుందా? మీరు చూడకపోయినా అమ్మమ్మనో నాయనమ్మనో అడగండి, వెంటనే చెప్తారు. డాల్డా అయిపోయాక ఆ డబ్బాలో పప్పులు పోసుకునేవాళ్ళు, మొక్కలు పెట్టుకునేవాళ్ళు. ఆ డబ్బా వెనక ఉన్న కంపెనీ మూలాలు వెతుక్కుంటూ వెళ్తే నెదర్లాండ్స్‌లో ఓస్ అనే చిన్న ఊరు వస్తుంది. ఇవాళ్టి కథ అక్కడిదే.

ముందు మార్జరిన్ అంటే ఏంటో చూద్దాం. 1860లలో ఫ్రాన్స్‌లో వెన్న ధర బాగా పెరిగింది. సైనికులకీ పేదవాళ్ళకీ చవగ్గా దొరికే వెన్న లాంటిది కావాలని చక్రవర్తి మూడో నెపోలియన్ బహుమతి ప్రకటించాడు. మెజ్ మూరియెస్ అనే కెమిస్ట్ 1869లో దానికి పేటెంట్ తీసుకున్నాడు. ఆయన పద్ధతి సింపుల్. పశువుల కొవ్వుని తక్కువ వేడి మీద కరిగించాలి, గట్టి భాగాన్ని పిండి తీసేయాలి, మిగిలిన మెత్తటి కొవ్వుని పాలతో కలిపి చిలకాలి. అంతే.

ఇక్కడే ట్విస్ట్. సరిగ్గా అదే 1869లో నెదర్లాండ్స్ తన పేటెంట్ చట్టాన్ని రద్దు చేసింది. మళ్ళీ 1912 దాకా పెట్టలేదు. అంటే అక్కడ ఎవరైనా ఈ ఫార్ములా వాడుకోవచ్చు, ఎవరికీ ఒక్క పైసా కట్టక్కర్లేదు.

ఓస్‌లో వెన్న వ్యాపారులు ఉండేవాళ్ళు. రైతుల దగ్గర వెన్న కొని ఇంగ్లండ్‌కి పంపేవాళ్ళు. 1871లో యుర్గెన్స్ కుటుంబం మార్జరిన్ మొదలుపెట్టింది. మరుసటి ఏడాదే అదే ఊళ్ళోని సైమన్ వాన్ డెన్ బర్గ్ కూడా దిగాడు. అప్పటికి ఆయనకి యాభై దాటాయి! స్టార్టప్ అంటే ఇరవైల్లోనే అనుకునే మనం ఇది గుర్తుపెట్టుకోవాలి.

ఆయన కొత్తగా కనిపెట్టింది ఏమీ లేదు. కానీ వెన్న ఎవరు కొంటారో, ఎలా ఉంటే కొంటారో ఆయనకి తెలుసు. ఓడ ఎక్కించి ఇంగ్లండ్‌కి పంపడమూ తెలుసు. 1887లో బ్రిటన్ చట్టం తెచ్చింది: ‘బటరీన్’ లాంటి పేర్లు కుదరవు, మార్జరిన్‌ని మార్జరిన్ అనే అమ్మాలి. జర్మనీ దిగుమతి సుంకం పెంచింది. దాంతో వాన్ డెన్ బర్గ్‌లు 1888లో జర్మనీలోని క్లేవేలోనే ఫ్యాక్టరీ పెట్టారు. కొవ్వు అమెరికా నుంచి ఓడల్లో వస్తోంది కాబట్టి 1891లో ఓస్ వదిలి రోటర్‌డామ్ రేవుకి మారిపోయారు. కొడుకులు కూడా వ్యాపారంలోకి వచ్చారు.

అటు యుర్గెన్స్‌తో పోటీ మాత్రం ఆగలేదు. సైమన్ 1907లో చనిపోయారు. ఆ మరుసటి ఏడాదే రెండు కుటుంబాలూ లాభాలు పంచుకుందామని ఒప్పందం చేసుకున్నాయి! కానీ లెక్కల దగ్గర ఏళ్ల తరబడి గొడవలు. చివరికి 1927లో కలిసిపోయి మార్జరిన్ యూనీ అయ్యాయి. సబ్బుకీ మార్జరిన్‌కీ ముడిసరుకు ఒకటే, నూనెలూ కొవ్వులూ. అందుకే 1929లో బ్రిటన్ సబ్బుల కంపెనీ లీవర్ బ్రదర్స్‌తో ఒప్పందం కుదిరింది. అలా పుట్టిందే యూనిలీవర్. 1931లో అది మన దేశంలో హిందుస్థాన్ వనస్పతి కంపెనీ పెట్టింది, 1937లో డాల్డా వచ్చింది. ఇందులో పశువుల కొవ్వు కాదు, గట్టిపరిచిన వంటనూనె అనమాట.

మరి మెజ్ మూరియెస్? ఇదంతా చూడకుండానే 1880లో పోయారు. నేను కోడ్ రాసే రోజుల్లో మంచి ప్రోడక్ట్ చేస్తే చాలు, అదే అమ్ముడుపోతుంది అనుకునేవాణ్ణి. ఈ కథ చదివాక ఆ నమ్మకం కాస్త కదిలింది. అయినా ఒక్క డౌట్ మిగిలింది: పేటెంట్ ఉండి ఉంటే ఆయనకి న్యాయం జరిగేదేమో, కానీ అంత చవగ్గా అందరికీ అందేదా? మీరేమంటారో కామెంట్లలో చెప్పండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం.