గంట విమానానికి పూటంతా

ఆంధ్రప్రదేశ్ మ్యాపు మీద స్కేలు పెట్టి కడప విమానాశ్రయం నుంచి బెజవాడ విమానాశ్రయం ఉన్న గన్నవరానికి ఒక గీత గీయండి. సుమారు 310 కిలోమీటర్లు. కనిగిరికి కాస్త తూర్పుగా పోతుంది. ఓర్వకల్లులోని కర్నూలు విమానాశ్రయం నుంచి గన్నవరానికి ఇంకొకటి గీయండి. దాదాపు 300. ఇది నల్లమల దాటి యర్రగొండపాలెం నెత్తిమీదుగా వెళ్తుంది. ఈ రెండు గీతల నడుమ మిగిలిన నేలే మార్కాపురం, కంభం, గిద్దలూరు, కొమరోలు.

ఈ దూరాలకు ఎక్కువగా వాడేది ఏటీఆర్-72. డెబ్బై మందికి పైగా ఎక్కే ఈ రెక్కపంకాల విమానం గంటకు 500 కిలోమీటర్ల దాకా పోగలదు. ఆ లెక్కన కడప నుంచి గన్నవరానికి నలభై నిమిషాలు కూడా పట్టకూడదు. టైంటేబుల్లో మాత్రం గంటకు పైనే వేస్తారు. రన్‌వే దాకా నడవాలి, పైకెక్కాలి, దిగేముందు వేగం తగ్గించుకోవాలి, వరుసలో తన వంతు కోసం ఆగాలి. దూరం తగ్గేకొద్దీ ఈ తిప్పలకే ఎక్కువ సమయం పోతుంది.

ఇప్పుడు కొమరోలు నుంచి లెక్క మొదలుపెడదాం. కడప విమానాశ్రయం నేరుగా కొలిస్తే 90 కిలోమీటర్లు. పోరుమామిళ్ల మీదుగా రోడ్డున పోతే వంద దాటుతుంది. రెండున్నర గంటలు చేతిలో పెట్టుకోవాలి. చెకిన్ కౌంటరు గంట ముందే మూసేస్తారు గనక ఇంకో గంటన్నర. గాల్లో గంట పైచిలుకు. గన్నవరంలో దిగాక బెజవాడ ఊళ్లోకి ఇరవై కిలోమీటర్లు. మొత్తం ఆరు గంటల పైమాటే. ఆలోపు గిద్దలూరులో రైలెక్కినవాడు గుంటూరు దాటేసి ఉంటాడు. పైగా మనవాడు బెజవాడకు వీపు పెట్టి దక్షిణానికి వెళ్లి మరీ విమానం ఎక్కాలి! ఓర్వకల్లుకు పోదామంటే గిద్దలూరు, నల్లమల ఘాటు, నంద్యాల. అదీ వందకు తగ్గదు.

విశాఖ లాంటి దూరాలకైతే లెక్క మారుతుంది. రాత్రంతా రైల్లో కూర్చోవడం తప్పుతుందంటే మూడు గంటలు కారులో కుదుపులు తినడానికి జనం సిద్ధపడతారు. హైదరాబాదుకు మాత్రం మార్కాపురం, మాచర్ల, సాగర్ మీదుగా పోయే రాత్రి బస్సును విమానం ఓడించలేదు. బస్సు ఇంటి దగ్గర ఎక్కించుకుంటుంది, పడుకోనిస్తుంది, పనిలోకి వేళకు దింపుతుంది.

చిన్న ఊళ్లకు విమానం తేవాలని పెట్టిన ఉడాన్ పథకంలో తొలి రోజే కడపకు చోటు దక్కింది. 2017 ఏప్రిల్ 27న సిమ్లాలో ప్రధాని జెండా ఊపిన సర్వీసుల్లో ట్రూజెట్ వారి కడప–హైదరాబాద్ ఒకటి. అప్పట్లో గంట ప్రయాణానికి సగం సీట్లు 2,500 రూపాయలకు. నష్టం పూడ్చేందుకు విమాన సంస్థకు మూడేళ్ల సాయం. ట్రూజెట్ 2022లో ఆగిపోయింది, ఆ ఏడాదే కడపకు ఇండిగో వచ్చింది. 2021 మార్చిలో ఓర్వకల్లు తెరుచుకుంది. పథకం టికెట్టు ధర చూసింది, విమానాశ్రయం గేటు దాకా మనిషి ఎలా వస్తాడన్నది చూడలేదు. నా ఫిర్యాదల్లా అదే. విమానం వేళకు పోరుమామిళ్ల, బద్వేలు వైపు నుంచి ఒక్క బస్సు నేరుగా గేటు దగ్గర ఆగినా ఎంతోమందికి పనికొస్తుంది.

పశ్చిమ ప్రకాశంలో రన్‌వే ఊసు లేకపోలేదు. దొనకొండలో తెల్లదొరల కాలం నాటి ఎయిర్‌స్ట్రిప్ ఉంది. దాన్ని బాగుచేస్తామన్న మాట ఎన్నికలకోసారి పైకొస్తుంది. అది లేస్తే మార్కాపురానికి పండగే, పాతిక కిలోమీటర్లే. కొమరోలుకు నేరుగా కొలిచి చూస్తే 80. కడపతో పోలిస్తే కలిసొచ్చేది పది కిలోమీటర్లు. కాకపోతే గుంటూరు–గుంతకల్లు లైను గిద్దలూరు, కంభం, మార్కాపురం రోడ్డు మీదుగా దొనకొండకే పోతుంది. విమానానికి రైల్లో వెళ్లే వీలు ఈ ప్రాంతానికి అక్కడే ఉంది.