సంఘపు లెక్కలకు తాళము

పూర్వము పెక్కు సహకార సంఘములలో ఇనుప పెట్టెకు రెండు తాళపుచెవు లుండెడివి. ఒకటి అధ్యక్షుని యొద్దను, రెండవది కార్యదర్శి యొద్దను ఉండెడిది. ఇరువురును కూడిననే గాని పెట్టె తెఱవ వీలులేకుండెను. ఇప్పుడు మన ఋణములు, వాటాలు, భూముల వివరములు, ఆధార్ సంఖ్యలు కంప్యూటరులోనికి చేరుచున్నవి. 63,000 ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘములను కంప్యూటరీకరించుటకు భారత ప్రభుత్వము 2022 జూన్ నెలలో 2,516 కోట్ల రూపాయల పథకము నంగీకరించెను. పెట్టె మాఱినది, తాళమును గూర్చిన జాగ్రత్త మాత్రము వెనుకబడినది.

ఆ 2022 జనవరిలోనే హైదరాబాదునందలి మహేశ్ సహకార పట్టణ బ్యాంకులో జరిగిన దొంగతనమును సభ్యులెల్లరు తెలిసికొనవలయును. కన్నము వేయలేదు, తలుపు విఱుగలేదు. అంతకు ముందు 2021 నవంబరులో ఆ బ్యాంకు ఉద్యోగులకు నిజమైనవానివలె దోచు ఇ-మెయిలు ఉత్తరములు రెండు వందలకు పైగా వచ్చినవి. తెఱచినవా రిరువురే. ఆ ఉత్తరములలో దాగిన ప్రోగ్రాము కంప్యూటరులో కూర్చుండి, దూరముననున్న దొంగ చేతికి దానిని అప్పగించెను. దొంగలు కొన్ని వారములు ఓపికతో వేచియుండి, 12 కోట్ల 48 లక్షల రూపాయలను వందకు మించిన ఖాతాలకు మళ్లించిరి. బ్యాంకు భద్రతా ఏర్పాట్లలోని లోపములను పోలీసువారు ఎత్తిచూపిరి; 2023లో రిజర్వు బ్యాంకు 65 లక్షల జరిమానా విధించెను.

ఇరువురు ఉత్తరము తెఱచినంత మాత్రమున ఇంత ముప్పు వాటిల్లుట యెట్లని మీ రడుగవచ్చును. కళ్లములో గడ్డివాములను ఒకదాని నొకటి తాకునట్లు వేసిన రైతు నడుగుడు, అతడే చెప్పును. ఉత్తరములు చదువు కంప్యూటరును, డబ్బు కదల్చు కంప్యూటరును ఎడముగా నుంచినచో ఒకదాని నిప్పు రెండవదాని కంటుకొనుట కష్టము. ఉద్యోగి పొరపాటు పడకుండునని నమ్మి ఏర్పాటు చేయరాదు. పొరపడినను నష్టము కొంచెమై నిలుచునట్లు చేయవలయును.

మన కార్యాలయములలో పాస్‌వర్డును చీటిపై వ్రాసి బల్లకు అంటించుట నేను కన్నులార చూచితిని. గుమాస్తా సెలవులో నున్న దినమున పని యాగరాదని అట్లు చేయుదురట! ఒక పాస్‌వర్డు నలుగురిదైనచో, తప్పుడు పద్దు పడిన దినమున ఎవరిని నిలదీయుదుము? ఎవరిది వారికే ఉండవలయును. ఉద్యోగము మానినవానిది ఆనాడే రద్దు కావలయును. డబ్బు చెల్లింపును ఒకరు వ్రాయగా వేఱొకరు అంగీకరింపవలయును. ఇది పాత రెండు తాళముల పద్ధతియే.

విత్తనమును వేఱొక గాదెలో దాచునట్లు, లెక్కల నకలును ఆ కంప్యూటరుతో సంబంధములేని చోట నుంచవలయును. నకలు తీసిన చాలదు. అప్పుడప్పుడు తెఱచి, లెక్కలు సరిగా వచ్చుచున్నవో లేదో చూడవలయును. మొలక చూడని విత్తనమును మనము చల్లుదుమా?

రాబోవు సర్వసభ్య సమావేశమున పాస్‌వర్డు ఎందఱికి తెలియునో, నకలును కడపట ఎన్నడు పరీక్షించిరో అడుగుడు. మీ సెల్‌ఫోనునకు వచ్చు ఓటీపీ అంకెలను బ్యాంకువార మనువారికి సైతము చెప్పకుడు. మోసపోయితిమని తోచిన తక్షణమే 1930 సంఖ్యకు ఫోను చేయుడు. ఆలస్యమైన కొలది డబ్బు ఖాతా నుండి ఖాతాకు పోవుచుండును.