పాడైన ఫైళ్లు మళ్లీ ఎలా వస్తాయి?

ఉస్మానియా క్యాంపస్‌ను ఆనుకుని ఉన్న మాణికేశ్వర్ నగర్‌లో కరెంటు బిల్లుకూ, ఎక్కడో ఉన్న సర్వర్లకూ ఏమిటి సంబంధం? బిల్లు కట్టే వెబ్‌సైట్ నడిచేది ఆ సర్వర్ల మీదే. 2019లో రెండు తెలుగు రాష్ట్రాల విద్యుత్ పంపిణీ సంస్థల వెబ్‌సైట్లపై రాన్సమ్‌వేర్ దాడి జరిగింది. ఫైళ్లకు తాళం వేసి డబ్బడిగే ప్రోగ్రామే రాన్సమ్‌వేర్.

ఫైళ్లు పాడవడానికి దొంగలే రానక్కర్లేదు. ఫైల్ సిస్టమ్ అంటే ఉస్మానియా లైబ్రరీలోని కేటలాగు లాంటిది. డిస్కులో ఏది ఎక్కడుందో రాసుకుంటుంది. హఠాత్తుగా కరెంటు పోయినా, డిస్కు చెడినా ఆ కేటలాగు చిందరవందర కావచ్చు. అప్పుడు పుస్తకాలు అల్మారాల్లోనే ఉన్నా దొరకవు! అసలు డిస్కు మీద ప్రయోగాలు ప్రమాదం కాబట్టి, నిపుణులు ముందు దాని నకలు తీసి, ఆ నకలును బాగుచేసి చూస్తారు.

కుదరకపోతే బ్యాకప్పే దిక్కు. చాలా సంస్థలు వారానికోసారి పూర్తి నకలు తీస్తాయి, రోజూ మారినవి మాత్రమే దాస్తాయి. తిరిగి తెచ్చేటప్పుడు పూర్తి నకలుతో మొదలుపెట్టి, రోజువారీ మార్పులను వరసగా చేర్చాలి. మధ్యలో ఒక రోజుది పాడైతే గొలుసు అక్కడే తెగుతుంది.

బ్యాకప్ ఉందనుకోవడం వేరు, నిజంగా ఉండటం వేరు. 2017 జనవరి 31న, సాఫ్ట్‌వేర్ కోడ్ దాచుకునే వెబ్‌సైట్ నడిపే గిట్‌ల్యాబ్ సంస్థలో ఒక ఇంజినీరు పొరపాటున అసలు డేటాబేస్‌నే చెరిపేశారు. ఉన్న బ్యాకప్ ఏర్పాట్లేవీ అక్కరకు రాలేదు. దాదాపు ఆరు గంటల ముందు వేరే పని కోసం తీసిన నకలు ఆదుకుంది. ఆ ఆరు గంటల్లో డేటాబేస్‌లో చేరిన సమాచారం మాత్రం తిరిగి రాలేదు.