గళ్ల కాగితం నుంచి కాన్వాసు దాకా

మన సోలాపూర్ తెలుగిళ్లలో బొమ్మలు వేసే పిల్ల ఉంటే చుట్టాలు ముచ్చటపడతారు. అదే పిల్ల బొమ్మలే చదువుకుంటానని ముంబయి బయలుదేరితే మాత్రం "దాంతోని అన్నమెట్ల దొరుకుతది?" అని అడుగుతారు. సర్ జె.జె. కళాశాలలో చిత్రలేఖనం చివరి సంవత్సరం చదువుతున్న నేను నాలుగేళ్లుగా ఈ మాట వింటున్నాను. తప్పు ప్రశ్నేమీ కాదది. బీడీలు చుట్టిన డబ్బుతో నా రంగులు కొన్న మా అమ్మకు ఆ ప్రశ్న అడిగే హక్కు అందరికంటే ఎక్కువ. ఆమె ఒక్కతే ఇంతవరకు అడగలేదు.

మా ముత్తాత కరీంనగర్ వైపు నుంచి నేతపని వెతుక్కుంటూ వచ్చాడట. 1877లో సోలాపూర్‌లో బట్టల మిల్లు వెలిశాక తెలంగాణ పద్మశాలీలు ఎందరో అలాగే వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. మా నాయన మాత్రం మగ్గం మీద కూర్చోలేదు. కార్ఖానాల వాళ్లకు చద్దర్ల డిజైన్లు గీసి ఇచ్చేవాడు.

జకార్డు మగ్గం చూడని పాఠకులకు ఆ పని సంగతి కొంచెం చెప్పాలి. గళ్ల కాగితం మీద ఒక్కో గడి ఒక పడుగు పోగూ ఒక పేక పోగూ కలిసే చోటు. రంగు నింపిన గడి దగ్గర పడుగు పైకి లేవాలి. కాగితం మీది అడ్డవరుసను బట్టి అట్టకు చిల్లులు పొడుస్తారు. ఆ అట్టలన్నిటినీ వరుసగా దారంతో కుట్టి మగ్గం మీదికెక్కిస్తే కాగితం మీది నెమలి బట్టలోకి దిగుతుంది. గళ్లలో వంపు అనేది లేదు. నెమలి మెడనైనా మెట్లు మెట్లుగానే గీయాలి, దూరం నుంచి చూసేవాడికి అది వంపుగా కనబడాలి. ఒక్క గడి తప్పిందా, నేసిన ప్రతి చద్దరులోనూ అదే తప్పు. నేను పలక మీద అక్షరాలు దిద్దకముందే నాయన పక్కన కూర్చుని గళ్లు నింపాను. సోలాపూర్ చద్దరుకు 2005లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, సంతోషమే. కానీ ఆ పువ్వునూ ఆ నెమలినీ గీసినవాడి పేరు ఏ చద్దరు మీదా ఉండదు.

కళాశాల తరఫున అజంతా వెళ్లినప్పుడు ఈ చిన్ననాటి చదువే నాకు అక్కరకొచ్చింది. 1872 నుంచి 1885 దాకా జాన్ గ్రిఫిత్స్ మా కళాశాల విద్యార్థుల చేతనే ఆ గోడల చిత్రాలకు నకళ్లు వేయించాడు. వాటిలో చాలా చిత్రాలు లండన్‌లో జరిగిన అగ్నిప్రమాదంలో కాలిపోయాయి. మా వాళ్లందరూ పద్మపాణి ముఖం ముందు నిలబడితే నేను పక్కనున్న పరిచారికల నడుముల దగ్గరే ఆగిపోయాను. ఆ బట్టల మీది చారలు, పోగుకు రంగు వేసి నేసినట్టున్న అంచులు! ఆ చిత్రకారుడికి నేత తెలుసునని నాకు గట్టి నమ్మకం. చేర్యాల నకాషీ పటాలు చూసినప్పుడూ ఇంతే. మన మార్కండేయ పురాణాన్ని కూనపులి వారు అలాంటి పటం విప్పుతూనే చెప్పేవారు. ఆ ఎర్రటి నేల ఇప్పుడు నా కాన్వాసుల్లోకి వచ్చేసింది, దాని మీద మెట్ల గీతలు నాయనవి.

ఇక బతుకుతెరువు. పెద్దల జీవితాలు తిరగేస్తే కొంత ధైర్యం వస్తుంది. కరీంనగర్ జిల్లా అన్నారంలో పుట్టిన పి.టి. రెడ్డి గారు 1930లలో మా కళాశాలలోనే చదివారు. లక్ష్మాగౌడ్ గారు హైదరాబాద్ దూరదర్శన్‌లో ఉద్యోగం చేస్తూనే బొమ్మలు వేశారు. తోట వైకుంఠం గారు సినిమాలకూ పనిచేసి 'దాసి' చిత్రానికి కళా దర్శకుడిగా జాతీయ పురస్కారం అందుకున్నారు. అంటే అన్నం ఒక చేత్తో, బొమ్మ ఇంకో చేత్తో.

నా ముందు ఇప్పుడు మూడు దారులున్నాయి. ఆర్ట్ టీచర్ డిప్లొమా చేసి బడిలో చేరవచ్చు. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో ఎం.ఎఫ్.ఏ.కు ప్రయత్నించవచ్చు, కానీ తమ్ముడి చదువు కూడా ఉంది కదా. మూడోది, మా ఊరి కార్ఖానా ఒకదానిలో కంప్యూటరు మీద డిజైన్లు చేసే పని. అక్కడే నాయన ఇరవై ఏళ్లు గీశాడు. కంప్యూటరు వచ్చాక ఆయన గళ్ల కాగితాలు అడిగేవారు లేక ఇప్పుడు కిరాణా కొట్లో లెక్కలు రాస్తున్నాడు. అదే కుర్చీలో నేనెలా కూర్చోవడమని దిగులుపడుతుంటే ఆయన అన్నాడు:

"పని పనే బిడ్డా. ఇంట్లకెల్లి పోయిన పని మల్ల ఇంట్లకే వస్తున్నదనుకో."

ఆ మాట నాకు ఊరటో బరువో ఇంకా తేలలేదు. జవాబు చెప్పడానికి కార్ఖానా వాళ్లు రెండు నెలలు గడువిచ్చారు.

ఈలోగా వార్షిక ప్రదర్శనకు నాయన పాత కాగితాల ఆధారంగానే ఒక పెద్ద చిత్రం మొదలుపెట్టాను. మా ఇంట్లో మిగిలినవి పదకొండే, మిగతావి వానలో తడిసి పోయాయి. సోలాపూర్‌లో గానీ, భివండీలో గానీ మీ అటకల మీద అలాంటి గళ్ల కాగితాలు, చిల్లుల అట్టలు ఉంటే పాత సామాను వాడికి వేయకండి. మన సంఘం కార్యాలయానికి ఒక ఉత్తరం ముక్క రాస్తే సెలవుల్లో నేనే వచ్చి చూసి, నకలు తీసుకుని, మీవి మీకు భద్రంగా ఇచ్చేస్తాను. గీసినవారి పేరు తెలిస్తే అదీ రాయండి.